ఎర్ర కొన, నల్ల కొన

ఇక్కడిదాకా వచ్చిన కథ ఇది. కార్లలో పాటల పెట్టెలు బిగించే మా నాన్నను వీధిలో అందరూ డెక్కు మేస్త్రి అనేవారు. షెడ్డులో బిగింపు పూర్తయిన ఒక కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని, పాట ఎలా మోగుతుందో వింటుండగా కారు అంటుకుంది. పొగలో తలుపు పిడి దొరకలేదన్నారు. "మేస్త్రి లెక్క తప్పాడు" అని అందరూ తేల్చేశారు. ఆ పొద్దున తాను షెడ్డులో లేనని, సామాను కొనడానికి వెళ్ళానని బాబాయి పోలీసులకు చెప్పాడు. కాలిన కారు ట్రావెల్స్ ఆయనది. అదే రోజు, అదే రకం కారు ఇంకొకటి కూడా ఆయన మా దగ్గరే చేయించుకున్నాడు. కిందటి భాగం చివర, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ రెండో కారు వచ్చి మా షెడ్డు ముందు ఆగింది.

కారు ఆగింది కాని, దాని లోపలి మనిషి అప్పటికే సగం బయట ఉన్నాడు. గుండు డ్రైవర్ నాలుగు అద్దాలూ దించి, తన వైపు తలుపు కొంచెం తెరిచే ఉంచి, ఒక కాలు రోడ్డు మీద ఈడ్చుకుంటూ తెచ్చాడు. వెనకే ఇంకో బండిలో ట్రావెల్స్ ఆయన, ఆయన డ్రైవర్లు ముగ్గురు దిగారు.

"ఏరా, బండి తెచ్చావా, కాలుతో తోసుకొచ్చావా?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"నువ్వెక్కి తేవాల్సింది. నీ తల మీద వెంట్రుకలున్నాయిగా, కాలడానికి. నాకేం కాలుతుంది?" అన్నాడు గుండు డ్రైవర్. అందరూ నవ్వారు. నవ్వినంతసేపూ కారుకు దూరంగానే నిలబడ్డారు.

మా ఇల్లు షెడ్డు వెనకే. అమ్మ వంటింటి కిటికీలోంచి తెల్ల కారును చూసి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయింది. "ఆ బండి జోలికి వెళ్ళకే" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే నేను వినేదాన్నేమో.

నేను వెళ్ళేసరికి బాబాయి షట్టరు సగం ఎత్తి, దాని కింద వంగి నిలబడి ఉన్నాడు. పైకెత్తాలో దించాలో తెలియనట్టు. నాన్న పోయాక షెడ్డు తెరిచి ఉండగా చూడటం నాకదే మొదటిసారి. నేల మీద మసి కడిగారు కాని సిమెంటు లోపలికి దిగిన నలుపు పోలేదు. కారు ఆకారం అలాగే ఉంది, పొడుగ్గా, మూలలు గుండ్రంగా. బాబాయి దాని మీద కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వచ్చాడు. నేనూ అలాగే వెళ్ళాను.

ట్రావెల్స్ ఆయన కోపిష్టి కాడు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. నాకు భయం వేసింది అందుకే.

"టీచరమ్మా, మీ నాన్న మీద నాకు గౌరవం. పోయిన మనిషిని ఏమీ అనను. కాని ఈ బండిని ఏం చెయ్యను చెప్పు? మావాళ్ళు ఎక్కరు. దయ్యం బండి అని పేరు పెట్టారు. అమ్ముదామంటే ఊరంతా తెలిసిపోయింది."

"పాట పెట్టకుండా నడుపుకోవచ్చు కదండీ" అన్నాను.

"వాళ్ళకు పాటతో పనిలేదమ్మా, బండంటేనే భయం. ఆ భయం పోవాలంటే ఒకటే దారి. మీ ఇంటి మనిషి ఒకరు ఇందులో కూర్చోవాలి. ఆ రోజు మీ నాన్న ఎలా కూర్చున్నాడో అలాగే, అద్దాలు ఎక్కించుకుని. ఒక్క పాట. మొదటి నుంచి చివరిదాకా, మావాళ్ళ కళ్ళ ముందు. అంతే."

బాబాయి అప్పుడు మాట్లాడాడు. "ఎందుకన్నా ఇదంతా? వూఫర్లు, ఆ పెద్ద స్పీకర్లు తీసేస్తాను. చప్పుడు పెంచే ఆంపూ తీసేస్తాను. గంటలో పని. వైరు ముక్క కూడా ఉంచను."

"తీసేస్తే ఏం తెలుస్తుందయ్యా? మీ అన్న తప్పు చేశాడని మీరే ఒప్పుకున్నట్టు కదా."

బాబాయి తల దించుకున్నాడు.

నాకు ఆ మౌనం బాగా తెలుసు. ఇంటికి పలకరింపుకు వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా విన్నాను. "ఎంత అనుభవం ఉన్నా ఒక్కోసారి..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసేవారు. రాత్రి అమ్మ పక్కన పడుకుని ఆ వాక్యాన్ని నేనే పూర్తి చేసుకునేదాన్ని. నాన్న తప్పు చేశాడా? చేస్తే, నేను చిన్నప్పటి నుంచి చూసిన ఆ చేతుల గురించి ఏమనుకోవాలి? ఎవరినీ అడగలేని ప్రశ్న అది. సమాధానం చెప్పగలిగింది ఇప్పుడు వీధిలో నిలబడి ఉంది. అదే రోజు చేసింది, అవే వూఫర్లు, అదే ఆంపు.

"నేను కూర్చుంటాను" అన్నాను.

"తల్లీ!" అన్నాడు బాబాయి.

"కూర్చుంటాను. కాని ముందు కొలుస్తాను."

"పలకా బలపం తెచ్చుకున్నావా పంతులమ్మా?" అన్నాడు గుండు డ్రైవర్. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాడే సిగ్గుపడి కారు తాళం నా చేతికి అందించాడు. తాళం చెమటతో తడిగా ఉంది.

తీగల లెక్క కొలిచే నాన్న మీటరు గోడకు, దాని మేకుకు అలాగే వేలాడుతోంది. పసుపు రంగు వెలిసిపోయింది. ఎర్ర వైరు, నల్ల వైరు దాని మెడ చుట్టూ చుట్టి ఉన్నాయి. ఆ రోజు అది ఆయన చేతిలో లేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టింది కాని దాని అర్థం అప్పుడు తెలియలేదు.

డిక్కీ తాళం తిప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నాన్న పోయాక నేను కారు ఎక్కలేదు, కారు తలుపు ముట్టుకోలేదు. బడికి బస్సులోనే వెళ్తున్నాను. బస్సులో కూడా తలుపు పక్కనే నిలబడతాను. మూత పైకి లేవగానే కొత్త కార్పెట్టు వాసన, రబ్బరు వాసన వచ్చాయి. కాలిన వాసన లేదు. లేదని మనసుకు చెప్పుకున్నాను. అయినా ముక్కుకు అదే తగిలింది.

లోపల వెడల్పాటి చెక్కపెట్టె. దానికి రెండు వూఫర్లు, బావి మూతలంత నల్లగా, పక్కపక్కన. పెట్టె పక్కన ఆంపు. దానికి బ్యాటరీ దగ్గర నుంచి వచ్చే లావుపాటి ఎర్ర తీగ. ఆ తీగ బానెట్ కింద మొదలై, సీట్ల కింద, కార్పెట్టు కింద పాకి ఇక్కడికి వస్తుంది. మనిషి కూర్చునే చోటు కిందుగా వస్తుంది. ఆ ఆలోచన రాగానే చేయి వెనక్కి తీసుకున్నాను.

చిన్నప్పుడు సెలవుల్లో నాన్న ఈ పని నాకు బడి భాషలోనే చెప్పేవాడు. "ఆంపు అంటే మీ బడి అనుకో. కరెంటు అంటే పిల్లలు. గంట కొట్టారు, పిల్లలు బయటికి రావాలి. వూఫర్ లోపల చుట్టిన కాయిల్ ఒక సన్న గేటు. గేటు ఎంత ఇరుకో చెప్పేదే ఓం. గేట్లు ఒకదాని వెనక ఒకటి పెట్టావనుకో, ఇరుకు పెరుగుతుంది, పిల్లలు నెమ్మదిగా వస్తారు. పక్కపక్కన పెట్టావనుకో, అన్నిట్లోంచి ఒక్కసారి వస్తారు. ఇరుకు తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. గేట్లు మరీ ఎక్కువ తెరిస్తే?"

"తొక్కిసలాట" అనేదాన్ని.

"అదే. తీగ వేడెక్కేది అప్పుడే."

ఒక్కో వూఫర్‌కు రెండు కాయిళ్ళు. రెండు వూఫర్లకు నాలుగు. ఆ నాలుగింటినీ ఎలా కలపాలన్నదే మేస్త్రి పనంతా. ఈ ఆంపు ఒక ఓం దాకా మోస్తుందని దాని నెత్తినే అచ్చు వేసి ఉంది. అంతకంటే తగ్గితే మోయలేదు. నాన్న మాత్రం ఏ ఆంపునూ దాని ఆఖరు దాకా తీసుకుపోయేవాడు కాదు. ఒకటి మోస్తానంటే రెండుకు తగ్గనిచ్చేవాడు కాదు. "మోయగలనన్నాడని మనిషి నెత్తిన మోయగలిగినంతా పెడతామా?" అనేవాడు. చప్పుడు చాలలేదని కొందరు వేరే షెడ్లకు పోయారు. పోనిమ్మనేవాడు.

కాబట్టి నాన్న లెక్కలో ఇక్కడ కనీసం రెండు రావాలి.

ఆంపు నుంచి వూఫర్లకు వెళ్ళే వైర్లు రెండూ విప్పాను. బాబాయి నా వెనకే ఉన్నాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. "ఎందుకు తల్లీ, వదిలెయ్యి" అన్నాడు మెల్లగా. "కొలిస్తే అన్నయ్య తిరిగొస్తాడా?" అన్నాడు. కిటికీ వైపు తిరిగి, "అమ్మ చూస్తోంది" అన్నాడు.

నేను మీటరు తిప్పి, ముందు దాని ఎర్ర కొనను, నల్ల కొనను ఒకదానికొకటి ఆనించాను. ఉత్తగా రెండు కొనలు కలిపితే సున్నా రావాలి. రాదు. మీటరు తీగలకే కొంచెం ఇరుకు ఉంటుంది. అవి పాతబడేకొద్దీ పెరుగుతుంది. పాయింట్ నాలుగు చూపించింది. "ముందు మీటరు తన బరువు తాను చెప్పాలి. తరువాతే అవతలివాళ్ళ బరువు" అనేవాడు నాన్న. పెద్ద లెక్కల్లో ఆ పాయింట్ నాలుగు ఎవరికీ పట్టదు. వూఫర్ల దగ్గర అదే సగం లెక్క.

అప్పుడు కొనలు విడదీసి వూఫర్ల వైర్లకు ఆనించాను.

పాయింట్ తొమ్మిది.

కొన సరిగ్గా ఆనలేదేమోనని తీసి మళ్ళీ ఆనించాను. పాయింట్ తొమ్మిది. అందులో మీటరుది పాయింట్ నాలుగు తీసేస్తే మిగిలింది పాయింట్ అయిదు. అర ఓం. నాన్న పెట్టాల్సింది కనీసం రెండు. ఆంపు మోయగలిగింది ఒకటి. ఉన్నది అందులోనూ సగం. నాలుగు గేట్లూ పక్కపక్కన బార్లా తెరిచిపెట్టారు.

అయితే నిజమే. నాన్నే. ఈ చెక్కపెట్టె లోపల, ఆయన చేత్తో, ఆయన కలిపిన తీగలు. ఇన్నాళ్ళూ నాకు వినిపించకుండా జనం మింగేసిన వాక్యం ఇప్పుడు అంకె రూపంలో కనిపిస్తోంది. ట్రావెల్స్ ఆయనకు ఏమని చెప్పాలి? కిటికీ దగ్గర అమ్మకు ఏమని చెప్పాలి?

నా భుజం మీదుగా బాబాయి వంగాడు.

"ఎంత?" అన్నాడు. చూడటానికి భయపడుతూ చూశాడు. కళ్ళు చిట్లించి, అంకె చదివి, మళ్ళీ చదివాడు. "పాయింట్ తొమ్మిదా? తొమ్మిదే కదా? అంటే ఒకటే. ఒకటే కదా తల్లీ?"

నేను తలెత్తి ఆయన ముఖం చూశాను. అంత వెలుగు ఆ ముఖంలో నాన్న పోయాక చూడలేదు.

"ఒకటే" అని డిక్కీ అంచున కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, అటూ ఇటూ చూశాడు. ట్రావెల్స్ ఆయన ఫోనులో మాట్లాడుతూ రోడ్డు అవతలి వైపుకు వెళ్ళాడు. డ్రైవర్లు నీడలోకి జరిగారు. "ఆ రోజూ ఇంతే చూపించింది" అన్నాడు బాబాయి.

"ఏ రోజు?"

"ఆ రోజే. రెండు బళ్ళకూ ఇంతే. నేనే చూశాను."

"నువ్వు ఆ పొద్దున షెడ్డులో లేవు కదా బాబాయ్."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అరచేయి కాగుతోంది. "ఉన్నానమ్మా. ఎక్కడికీ పోలేదు. అబద్ధం చెప్పాను, అందరికీ. పెట్టెల్లో కలిపింది నేనే. అన్నయ్య ఆ పొద్దున కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు కదా, గుర్తుందా? రెండుకు తగ్గనివ్వొద్దని చెప్పి వెళ్ళాడు. ఈ ట్రావెల్స్ ఆయనేమో వచ్చి, రోడ్డు ఆ చివర వినపడాలి, లేకపోతే ఎందుకు డబ్బు దండగ, అని నన్ను చంపుకు తిన్నాడు. ఆంపు ఒకటి మోస్తుందని రాసుందిగా, మోస్తే మనకేం అనుకున్నాను. నాలుగూ పక్కపక్కనే కలిపేశాను. మనం ఎప్పుడూ తెప్పించే రకం ఒక్కో కాయిల్ నాలుగు ఓంలు. నాలుగూ అలా కలిపితే ఒకటి. కొలిస్తే ఇదిగో, ఇదే వచ్చింది. లెక్కకు లెక్క సరిపోయింది."

నాకు ఒక్కొక్క మాటా విడివిడిగా వినిపిస్తోంది. ఎప్పుడూ తెప్పించే రకం. అదే పేరుతో, అదే ముఖంతో, కాయిల్ రెండు ఓంలే ఉండే రకం కూడా వస్తుంది. ఈసారి వచ్చింది అదే. పైకి తేడా తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది. ఆయన కొలిచాడు. రెండు కొనలూ ఒకదానికొకటి ఆనించి చూడకుండా కొలిచాడు. అర ఓం మీద మీటరు తన సొంత పాయింట్ నాలుగు కలిపి, ఆయన మనసులో ఉన్న ఒకటినే ఆయనకు చూపించింది.

"తీగ వేడెక్కేలోపే ఫ్యూజు కరెంటు ఆపాలి కదా బాబాయ్? బ్యాటరీ దగ్గర నాన్న ఎప్పుడూ ఫ్యూజు పెడతాడు కదా?"

"పెట్టాను. పాట పెట్టగానే రెండుసార్లు పోయింది. లెక్క సరిగ్గానే ఉంటే ఎందుకు పోతుంది? నాసిరకం ఫ్యూజనుకున్నాను. పెద్దది వేశాను. రెండిటికీ. అన్నయ్య వచ్చి, రెండుకు తగ్గలేదు కదా అనడిగాడు. తగ్గలేదన్నాను. నా మాట నమ్మి, విని చూద్దామని ఎక్కాడు. మీటరు కూడా పట్టుకోలేదమ్మా. నన్ను నమ్మాడు."

ఆ రోజు మీటరు మేకుకే ఎందుకు ఉండిపోయిందో నాకు అప్పుడు తెలిసింది.

"అప్పట్నుంచి నిద్ర లేదు నాకు" అన్నాడు బాబాయి. "నేనే చంపానేమో, ఆ రోజు సరిగ్గా చూడలేదేమోనని. ఈ బండి వస్తే కొలవాలని ఉండేది. కొలవాలంటే చచ్చేంత భయం. ఇప్పుడు నువ్వే కొలిచావు. నీ చేత్తో. ఒకటే వచ్చింది. ఆంపు మోస్తుంది. అంటే నా వల్ల కాదు, అన్నయ్య వల్లా కాదు. ఆ కారులోనే ఏదో ఉంది. ఇంజన్లోనో, ఎక్కడో. చూశావా? మనవాళ్ళెవరిదీ తప్పు కాదు!"

నేను నోరు తెరిచాను.

తరగతిలో తప్పు లెక్క చేసిన పిల్లవాడికి తప్పని చెప్పే ముందు, ఎంతవరకు సరిగ్గా చేశాడో అది చెబుతాను. అలవాటు. ఆ క్షణంలో కూడా అలాంటి మొదటి వాక్యం కోసమే వెతికాను. బాబాయ్, నువ్వు కొలిచింది మంచిదే, కాని. బాబాయ్, మీటరు పాతది కదా, అందుకని. ఎటు నుంచి మొదలుపెట్టినా ఆ వాక్యం చివర ఒకటే మాట ఉంది. నువ్వే చంపావు. ఆ మాట లేకుండా ఆ వాక్యం పూర్తికాదు. దాన్ని పక్కకు తప్పించి వెళ్ళే దారి కోసం నేను నిలబడి ఆలోచిస్తున్నాను. పెద్దసేపేం కాదు. ఒక మనిషి లేచి, రెండు వైర్లు మళ్ళీ ఆంపుకు బిగించి, డిక్కీ మూసి, నా చేతిలోంచి తాళం తీసుకోవడానికి పట్టేంతసేపు.

"నేనే కూర్చుంటాను!" అని బాబాయి రోడ్డుకు వినపడేలా అరిచాడు. "మా అన్న లెక్క తప్పలేదు. చూద్దురు గాని, రండి!"

"బాబాయ్, ఆగు!"

"నువ్వొద్దు తల్లీ. ఇన్నాళ్ళూ దాక్కున్నాను. ఇక చాలు." నా తల మీద చెయ్యి పెట్టి, పక్కకు జరిపి, కారెక్కాడు. తలుపు మూశాడు. అద్దాలు నాలుగూ ఒక్కసారి పైకి లేచాయి.

మొదట పాట వినిపించలేదు. షెడ్డు పైకప్పు రేకులు వినిపించాయి. గజగజమన్నాయి. బల్ల మీద పళ్ళెంలో ఉన్న స్క్రూలు తమంతట తామే కదిలి ఒక పక్కకు చేరాయి. ఆ తరువాత అది నా అరికాళ్ళ నుంచి ఎక్కి గుండెల మీద గుద్దింది. నాన్న ఉన్నప్పుడు ఆ చప్పుడు ఇంట్లో ప్లేట్లు కదిలిస్తే అమ్మ విసుక్కునేది. ఇప్పుడు వంటింట్లో ఏదో కింద పడి పగిలిన చప్పుడు, ఆ గుద్దుల మధ్య చిన్నగా వినిపించింది.

"అదీ!" అన్నాడు ట్రావెల్స్ ఆయన. ముఖం విప్పారింది. డ్రైవర్లు నీడలోంచి బయటికి వచ్చారు. ఒకడు అడుగు కలిపాడు. గుండు డ్రైవర్ చప్పట్లు కొట్టాడు.

నేను అద్దాన్ని అరచేతులతో బాదాను. "ఆపు! బాబాయ్, అర ఓమే! ఒకటి కాదు, అర!" నా గొంతు నాకే వినిపించలేదు. ఆయన నన్ను చూసి నవ్వి, బొటనవేలు ఎత్తి చూపాడు. పాట ఇంకా పెంచాడు.

డిక్కీ వైపు పరుగెత్తాను. మూసి ఉంది. తాళం లోపల ఆయన దగ్గర. బానెట్ వైపు పరుగెత్తాను. ఆ ఫ్యూజు ఒక్కటి పీకేస్తే చాలు. బానెట్ విడిచే మీట కూడా లోపలే, ఆయన మోకాలి పక్కన. వేళ్ళు అంచు కింద పెట్టి లాగాను. గోరు విరిగింది.

"ఆపించండి" అని ట్రావెల్స్ ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయన నా చెవి దగ్గర వంగి, "బాధగానే ఉంటుందమ్మా. మీ నాన్న గుర్తొస్తాడు. ఒక్క పాట, అయిపోతుంది" అన్నాడు. మంచి మాటే. నన్ను ఓదారుస్తున్నాడు.

"కాలిపోతుందండీ! లెక్క తప్పింది!"

"ఆఁ?" అన్నాడు చెవి పట్టుకుని.

చప్పట్లు కొడుతున్న గుండు డ్రైవర్ చేతులు ఆగాయి. గాలి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఏమీ అనకుండా ఇంకొక అడుగు వేశాడు. అప్పుడు నాకూ అందింది. తియ్యగా, గొంతుకు అడ్డంపడేలా, వేడి ప్లాస్టిక్కు వాసన. ఈసారి మనసులోంచి వచ్చింది కాదు.

మీటరు ఇంకా నా మెడలోనే వేలాడుతోంది. ఎప్పుడు వేసుకున్నానో గుర్తులేదు. డ్రైవరు తలుపు దగ్గరికి పరుగెత్తి, దాన్ని అద్దానికి అదిమి పట్టాను. ఎర్ర కొన, నల్ల కొన రెండూ ఆయనకు కనబడేలా పైకెత్తి, ఒకదానికొకటి ఆనించాను. మధ్యలో ఏమీ లేదు. వూఫర్లు లేవు, ఆంపు లేదు. ఉత్త కొనలు. మీటరు పాయింట్ నాలుగు చూపిస్తోంది.

బాబాయి నవ్వుతూనే అంకె చూశాడు. చూసి, ఆ కొనల వైపు చూశాడు. మళ్ళీ అంకె వైపు చూశాడు. ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నాన్న పక్కన పనిచేసిన మనిషి. పెదవులు కదిలాయి. తీసివేత చేసుకుంటున్నాడని నాకు తెలిసింది. తొమ్మిదిలోంచి నాలుగు.

నవ్వు పోయింది. ముఖం పోయిందనే అనాలి. ఆయన కాళ్ళ దగ్గర కార్పెట్టు అంచు నుంచి పొగ సన్నగా పైకి లేస్తోంది. ఆయన దాన్ని చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"తలుపు తియ్యి!" అని అద్దం మీద గుద్దాను. "బాబాయ్, తలుపు!"

ఆయన చెయ్యి పాట పెంచే మీట మీద నుంచి లేచింది. తలుపు వైపు వచ్చింది. పిడి దాకా వచ్చింది. పిడి ఆయనకు కనిపిస్తోంది. పొగ ఇంకా అంత లేదు.

పిడి లాగలేదు. దాని పైనున్న లాకును వేలితో కిందికి నొక్కాడు.